రికార్డు చేసింది ఎవరిది? ఇంటి టీవీకి రికార్డర్ ఎంచుకునే ముందు

మా ఇంట్లో బీరువా పై అరలో ఒక హార్డ్‌డిస్క్ ఉంది. అందులో మా మేనకోడలు ఒక తెలుగు ఛానెల్‌లో పాడిన పాట ఉంది. ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో పుట్టి, బడిలో ఒడియా మాధ్యమంలో చదువుకున్న పిల్ల టీవీలో తెలుగు పద్యం రాగం తీసి పాడుతుంటే, వీధిలో సగం మంది మా ముందుగదిలో కూర్చుని చూసిన రాత్రి అది. సెట్‌టాప్ బాక్సుకు డిస్క్ తగిలించి ఆ కార్యక్రమాన్ని రికార్డు చేశాను. మరుసటి ఏడాది వానాకాలంలో దగ్గరలో పిడుగు పడి బాక్సు కాలిపోయింది. కంపెనీ మనిషి వచ్చి కొత్త బాక్సు పెట్టి వెళ్లాడు. డిస్క్‌కు ఏమీ కాలేదు. కానీ దాన్ని కొత్త బాక్సుకు తగిలిస్తే, ఫార్మాట్ చేయమంటారా అని తెర మీద ప్రశ్న వచ్చింది. కంప్యూటర్‌కు తగిలిస్తే ఏ ప్లేయరూ తెరవలేని ఫైళ్లు కనిపించాయి. పాట డిస్క్‌లోనే ఉంది. వినే దారి లేదు.

అప్పటి నుంచి టీవీ రికార్డర్ గురించి ఎవరు సలహా అడిగినా, ఎన్ని గంటలు రికార్డవుతుంది అన్న దగ్గర మొదలుపెట్టడం మానేశాను. రికార్డు చేసినది ఎవరి అధీనంలో ఉంటుంది? ఒకే సమయంలో ఎన్ని ఛానెళ్లను పట్టగలదు? కరెంటు పోయినప్పుడు ఏమవుతుంది? ముందు ఇవి తేలాలి. రెండు భాషలు మాట్లాడే మా సరిహద్దు ఇళ్లలో రెండో ప్రశ్న మరీ ముఖ్యం. దాని గురించి కాస్త వివరంగానే చెబుతాను.

అడిగేటప్పుడే వచ్చే చిక్కు

పర్లాకిమిడిలోనో, గుణుపురంలోనో, రాయగడలోనో ఎలక్ట్రానిక్స్ దుకాణానికి వెళ్లి డీవీఆర్ కావాలంటే నిఘా కెమెరాల పెట్టె తెచ్చి ముందు పెడతారు. ఇందులో దుకాణదారుడి తప్పు లేదు. డిజిటల్ వీడియో రికార్డర్ అన్న పేరు రెండింటికీ ఒకటే, మన బజారులో ఆ పేరు సీసీ కెమెరాల వైపే స్థిరపడింది. ఆ పెట్టె వెనక కెమెరా తీగలు బిగించే గుండ్రటి సాకెట్లు నాలుగో ఎనిమిదో వరుసగా ఉంటాయి. అది టీవీ ఛానెళ్లను రికార్డు చేయదు. టీవీకి పెట్టుకోవచ్చని ఎవరైనా నమ్మకంగా చెప్పినా డబ్బు పెట్టకండి. మీరు అడగవలసింది 'రికార్డింగ్ ఉన్న సెట్‌టాప్ బాక్సు'. కొన్ని కంపెనీల కాగితాల్లో దీనికే పీవీఆర్ అన్న పేరు ఉంటుంది.

క్యాసెట్‌కు లేని తాళం

వీసీఆర్ రోజులు చూసినవారికి రికార్డింగ్ అంటే ఒక స్పష్టమైన భావన ఉంది. 1975లో సోనీ బీటామాక్స్‌ను, 1976లో జేవీసీ వీహెచ్ఎస్‌ను తెచ్చాయి. టీవీలో వచ్చే బొమ్మను టేపు మీదికి ఎక్కించి, ఆ టేపును పక్కింటి వీసీఆర్‌లో పెట్టినా చూడగలిగేవాళ్లం. బొమ్మ కాస్త మసకబారినా క్యాసెట్ మాత్రం మనదే. ఇంట్లో ఇలా రికార్డు చేసుకోవడం చట్టబద్ధమేనా అన్న వివాదం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తర్వాత చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం తప్పు కాదని 1984లో ఆ కోర్టు తేల్చింది. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టంలోని 39వ సెక్షన్, సొంత వాడకానికి చేసుకునే రికార్డింగు వల్ల ప్రసార సంస్థ హక్కులకు భంగం కలగదని చెబుతోంది. కాబట్టి సీరియల్‌ను రికార్డు చేసుకుని మర్నాడు చూసుకునేవారు భయపడవలసిన పని లేదు. దాన్ని నలుగురికీ అమ్మడం, ఇంటర్నెట్‌లో పెట్టడం వేరే సంగతి.

డిజిటల్ రికార్డర్ 1999లో టీవో, రీప్లే టీవీ అనే రెండు అమెరికన్ పెట్టెలతో బజారుకు వచ్చింది. టేపు స్థానంలో హార్డ్‌డిస్క్ చేరింది. దాంతో నడుస్తున్న కార్యక్రమాన్ని ఆపి, లేచి వెళ్లి తిరిగొచ్చాక ఆపిన చోటి నుంచే చూడటం సాధ్యమైంది. బయటికి కనిపించే మార్పు ఇది. లోపల ఇంకా పెద్ద మార్పు జరిగింది. వీసీఆర్ బొమ్మను నకలు తీసేది. ఇప్పటి సెట్‌టాప్ బాక్సు అలా చేయదు. ఉపగ్రహం నుంచి ఛానెల్ మన ఇంటికి వచ్చేసరికే కుదించిన అంకెల ప్రవాహంగా ఉంటుంది. రికార్డర్ ఆ ప్రవాహాన్ని ఉన్నది ఉన్నట్టు డిస్క్ మీద పోస్తుంది. అందుకే ప్రత్యక్షంగా చూసినదానికీ రికార్డు చేసినదానికీ నాణ్యతలో తేడా ఉండదు. ఫలానా బాక్సులో రికార్డింగ్ మరింత స్పష్టంగా ఉంటుందని అమ్మేవారు చెబితే ఆ మాటకు విలువ ఇవ్వనక్కరలేదు.

అయితే డబ్బు కట్టి చూసే ఛానెళ్ల ప్రవాహానికి తాళం వేసి పంపిస్తారు. చందా కట్టిన బాక్సు ఆ తాళం తీసి బొమ్మ చూపిస్తుంది. డిస్క్ మీదికి ఎక్కించేటప్పుడు మళ్లీ ఇంకొక తాళం వేస్తుంది. ఈ రెండో తాళపు చెవి ఆ బాక్సులోని చిప్‌లోనే ఉంటుంది, మరెక్కడా దొరకదు. డిస్క్ మనం కొన్నదే, కరెంటు ఖర్చు మనదే, రికార్డు చేసిన చేయీ మనదే. అయినా బాక్సు పోతే చెవి కూడా పోతుంది. నా డిస్క్ విషయంలో జరిగింది ఇదే. చాలా కంపెనీల బాక్సుల్లో ఇంకొక షరతు కూడా ఉంటుంది. రీఛార్జ్ గడువు దాటితే, అంతకుముందు రికార్డు చేసుకున్నవి కూడా తెరుచుకోవు. కొనేముందు ఈ విషయం తప్పక అడగండి. అమ్మేవారికి తెలియకపోతే, ఆ బాక్సు ఇప్పటికే వాడుతున్న ఇల్లు ఒకటి వెతికి అడగండి.

హెచ్‌డీఎంఐ తీగ దగ్గర పట్టుకుని వేరే పరికరంలోకి రికార్డు చేయవచ్చు కదా అని కొందరు అడుగుతారు. ఆ తీగలో ప్రవహించే బొమ్మకూ రక్షణ ఉంటుంది, దాన్ని హెచ్‌డీసీపీ అంటారు. మామూలు రికార్డింగ్ పరికరానికి నల్లటి తెర తప్ప ఏమీ అందదు. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల పాత ఏవీ తీగ ఉన్న బాక్సుల నుంచి తీసుకోవచ్చు కానీ నాణ్యత పాత టీవీ స్థాయికి పడిపోతుంది. పాట ఒక్కటీ దాచుకుంటే చాలనుకునేవారికి అది కూడా పనికొస్తుంది. ఆ తీగ గురించి నాకు ముందే తెలిసి ఉంటే మేనకోడలి పాట ఇప్పుడు ఫోనులో ఉండేది.

ఒక కంపెనీ బాక్సు మరో కంపెనీకి పనికిరాకపోవడం కూడా ఈ తాళం కథలో భాగమే. ఏ కంపెనీ సేవకైనా పనిచేసే బాక్సులు రావాలని టెలికాం, టీవీ సేవల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫార్సు చేసింది. ఇళ్లలో మాత్రం ఇప్పటికీ కంపెనీ మారితే బాక్సు మార్చవలసిందే, రికార్డింగులు వదులుకోవలసిందే.

ఏడు గంటలకు రెండు భాషలు

పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లా 1992 అక్టోబర్ 2న గంజాం నుంచి విడిపోయి ఏర్పడింది. అంతకు చాలా ముందే, 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటువైపు చేరింది. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరిది. అడుగు దూరంలో పాతపట్నం, అది ఆంధ్ర. మా ఇళ్లలో పెద్దలకు తెలుగు, బడి పిల్లలకు ఒడియా, ఇద్దరికీ కొంత హిందీ. సాయంత్రం 7 నుంచి 10 దాకా టీవీ ముందు జరిగేది చూస్తే రికార్డర్ అవసరం ఇట్టే అర్థమవుతుంది. అమ్మకు తెలుగు సీరియల్ కావాలి. అదే సమయానికి ఒడియా వార్తల్లో పరీక్షల ప్రకటనో ఉద్యోగ నోటిఫికేషనో వస్తుంది. క్రికెట్ ఉన్న రోజు మూడో మనిషి తోడవుతాడు.

ఇలాంటి ఇంటికి రికార్డర్‌లోని డిస్క్ ఎంత పెద్దదన్నది రెండో విషయం. మొదట చూడవలసింది ట్యూనర్లు ఎన్ని ఉన్నాయన్నదే. డిష్ పట్టిన సంకేతాల్లో నుంచి మనకు కావలసిన పాయను వేరు చేసే భాగాన్ని ట్యూనర్ అంటారు. ఉపగ్రహం ఛానెళ్లను విడివిడిగా పంపదు, గుత్తులుగా పంపుతుంది. ఒక్కో గుత్తిని మోసే సాధనాన్ని ట్రాన్స్‌పాండర్ అంటారు. ఒక్కోదాని మీద పది, ఇరవై ఛానెళ్ల దాకా ఉంటాయి. ఒక ట్యూనర్ ఒక సమయంలో ఒక్క గుత్తినే పట్టుకోగలదు.

ఒకే ట్యూనర్ ఉన్న బాక్సులో రికార్డింగ్ మొదలైతే ఇంట్లో అందరూ ఆ ఛానెలే చూడాలి, లేదా ఛానెల్ మార్చితే రికార్డింగ్ ఆగిపోతుందని హెచ్చరిక వస్తుంది. కొన్ని బాక్సులు అదే గుత్తిలోని వేరే ఛానెళ్లను చూడనిస్తాయి. తెలుగు ఛానెళ్లు, ఒడియా ఛానెళ్లు ఒకే గుత్తిలో పడటం మన చేతిలో లేదు, సాధారణంగా అవి వేర్వేరు గుత్తుల్లోనే ఉంటాయి. రెండు తెలుగు ఛానెళ్ల మధ్య నడిచిపోయే సర్దుబాటు, ఒక తెలుగు ఛానెల్‌కూ ఒక ఒడియా ఛానెల్‌కూ మధ్య నడవకపోవచ్చు. ఒకే భాషలో టీవీ చూసే ఊళ్లో ఒంటి ట్యూనర్ బాక్సు కొన్నవారు దాన్ని మెచ్చుకుంటారు. అదే బాక్సు మా ఇంట్లో వారం తిరగకుండా గొడవ పెడుతుంది. అందుకే కటకంలోనో విజయవాడలోనో ఉన్న బంధువుల అనుభవాన్ని విని ఇక్కడ కొనవద్దని చెబుతుంటాను.

రెండు ట్యూనర్లు ఉన్న బాక్సు తెచ్చినంత మాత్రాన పని పూర్తి కాదు. డిష్ ముందుకు చాచిన కొమ్ము చివర ఉండి సంకేతాలను అందుకునే ఎల్ఎన్‌బీ అనే భాగం నుంచి బాక్సుకు వచ్చే తీగ మీద కూడా ఆలోచన పెట్టాలి. బాక్సు ఆ తీగ గుండా పైకి 13 వోల్టులు పంపితే ఎల్ఎన్‌బీ నిలువు తరంగాలను, 18 వోల్టులు పంపితే అడ్డు తరంగాలను కిందికి పంపిస్తుంది. ఒకే తీగ మీద ఒకేసారి రెండు వోల్టేజీలు పంపడం కుదరదు. కాబట్టి రెండు ట్యూనర్లు స్వేచ్ఛగా పనిచేయాలంటే రెండు నోళ్లున్న ఎల్ఎన్‌బీ, అక్కడి నుంచి రెండు తీగలు కావాలి. ఒకే తీగ మీద రెండు ట్యూనర్లకు విడివిడిగా సంకేతం పంపే ప్రత్యేకమైన ఎల్ఎన్‌బీలూ ఉన్నాయి, అయితే వాటిని అర్థం చేసుకునే బాక్సు ఉండాలి. ఉన్న తీగకే స్ప్లిటర్ పెట్టి రెండుగా చీలుస్తానని మెకానిక్ అంటే ఒప్పుకోకండి. కొన్ని జతల ఛానెళ్లకు పని చేస్తుంది, కొన్నింటికి చేయదు. ఎప్పుడు చేయదో కనిపెట్టడానికి మీకు నెలలు పడుతుంది. రెండు తీగలూ ఆర్‌జీ-6 రకానివే అయి ఉండాలి. మేడ మీద నుంచి వానకు తడుస్తూ వచ్చే చోట కనెక్టర్ లోపలికి నీరు దిగకుండా రబ్బరు తొడుగు వేయించండి. రికార్డింగ్‌లో బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతే చాలామంది బాక్సును తిడతారు. చాలాసార్లు తప్పు ఆ కనెక్టర్‌దే.

డబ్బా మీద గంటలు

500 జీబీ డిస్క్ ఉన్న బాక్సు మీద ఆరువందల గంటలని రాసి ఉంటుంది. అది అబద్ధం కాదు గానీ మీ ఇంటికి సరిపోయే లెక్క కాదు. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున వచ్చే ప్రవాహం గంటకు 450 ఎంబీ స్థలం తీసుకుంటుంది. మామూలు నాణ్యత ఛానెల్ 2 మెగాబిట్లతో వస్తే గంటకు 0.9 జీబీ, హెచ్‌డీ ఛానెల్ 8 మెగాబిట్లతో వస్తే గంటకు 3.6 జీబీ. అంటే అదే 500 జీబీ మొదటి రకానికి 550 గంటలు దాటితే, రెండో రకానికి 140 గంటలకు కాస్త తక్కువగా సరిపోతుంది. దీంట్లోనే నడుస్తున్న కార్యక్రమాన్ని ఆపి చూసే సౌకర్యానికి బాక్సు కొంత స్థలం దాచుకుంటుంది.

ఇక వాడకం చూద్దాం. వారానికి ఆరు రోజులు, రోజుకు ఆరు అరగంట సీరియళ్లు రికార్డు చేసినా 18 గంటలే. అన్నీ హెచ్‌డీ అనుకున్నా 65 జీబీ. ఏదీ చెరపకపోయినా 500 జీబీ ఏడు వారాలు పైగా వస్తుంది. ఈ లెక్క చూశాక ఒక టీబీ డిస్క్ కోసం అదనంగా పెట్టే డబ్బును రెండో తీగకూ మంచి ఎల్ఎన్‌బీకీ పెట్టమంటాను.

బాక్సుకు బయటి నుంచి డిస్క్ తగిలించే రకమైతే పెన్‌డ్రైవ్ కంటే చిన్న హార్డ్‌డిస్క్ మేలు. ఎడతెగకుండా రాస్తూ చెరుపుతూ ఉండే పనికి చవక పెన్‌డ్రైవులు త్వరగా అరిగిపోతాయి. పాత యూఎస్‌బీ పోర్టు 500 మిల్లీ ఆంపియర్లే ఇస్తుంది, కొన్ని డిస్కులకు అది చాలదు, టిక్ టిక్ మని శబ్దం చేస్తూ నిలిచిపోతాయి. ఇంకో హెచ్చరిక: బాక్సుకు తొలిసారి తగిలించినప్పుడు అది డిస్క్‌ను తనకు అనువుగా ఫార్మాట్ చేసుకుంటుంది. పెళ్లి ఫొటోలున్న డిస్క్‌ను తగిలించి, రిమోట్ మీద తొందరలో సరే నొక్కి ఏడ్చినవారిని నాకు తెలుసు. రికార్డింగ్‌కు విడిగా ఒక డిస్క్ పెట్టండి, దాని మీద పేరు రాసి అంటించండి.

కరెంటు, వాన, పిడుగు

రికార్డర్ పని మనం లేనప్పుడు పనిచేయడం. ఈ కొండ ప్రాంతాల్లో మనం లేనప్పుడే కరెంటు కూడా పోతుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచెత్తినప్పుడు కొండలు విరిగిపడి, స్తంభాలు కూలి, రోజుల తరబడి కరెంటు లేదు. అంతటి విపత్తు ఎప్పుడో ఒకసారి వస్తుంది. అరగంట, గంట కోతలు మాత్రం వారం వారం ఉంటాయి. బాక్సు ఇన్వర్టర్ లైనుకు కలిపి ఉందో లేదో చూసుకోండి. చాలా ఇళ్లలో ఇన్వర్టర్‌ను ఫ్యాన్లకు, లైట్లకు మాత్రమే కలుపుతారు, టీవీ ప్లగ్గు వదిలేస్తారు. రికార్డు అవ్వడానికి టీవీ వెలిగి ఉండనవసరం లేదు. ఎల్ఎన్‌బీకి కావలసిన కరెంటు బాక్సు నుంచే తీగలో వెళుతుంది. బాక్సు తీసుకునేది పదిహేను, ఇరవై వాట్లు, ఒక చిన్న బల్బు అంత. అది నడిచినందుకు బ్యాటరీ త్వరగా అయిపోదు. ఇన్వర్టర్ లేని ఇళ్లలో, బాక్సు 12 వోల్టుల అడాప్టర్‌తో పనిచేసేదైతే, వైఫై రౌటర్లకు అమ్మే చిన్న యూపీఎస్ కూడా సరిపోవచ్చు. అడాప్టర్ మీద రాసిన ఆంపియర్లను యూపీఎస్ ఇవ్వగలదో లేదో సరిచూసి తీసుకోండి.

కరెంటు పోయి వచ్చాక బాక్సు ఏం చేస్తుంది? కొన్ని మేల్కొని మిగిలిన భాగాన్ని రికార్డు చేస్తాయి. కొన్ని ఎర్ర దీపంతో నిద్రలోనే ఉండిపోతాయి, ఆ రాత్రి షెడ్యూలు మొత్తం పోతుంది. ఈ సంగతి ఏ కరపత్రంలోనూ ఉండదు. ఇంటికి తెచ్చిన మొదటి రోజే రికార్డింగ్ నడుస్తుండగా స్విచ్ ఆపి, రెండు నిమిషాలాగి వేసి చూడండి.

వానకు సంకేతం పోవడం వేరే సమస్య. ఇంటి డిష్‌కు నేరుగా ఛానెళ్లు పంపే డీటీహెచ్ సేవలు వాడే కేయూ బ్యాండ్ అనే తరంగాలను చినుకులు పీల్చుకుంటాయి. జోరువానలో ఎంత ఖరీదైన రికార్డర్ అయినా రికార్డు చేసేది ఖాళీనే. డిష్ సరిగ్గా గురి కుదిరి, సంకేత బలం ఎండరోజున బాగా ఎక్కువగా ఉంటే వానరోజున కొంత మిగులుతుంది. అందుకే బిగించేటప్పుడు బొమ్మ వస్తోంది కదా అని వదలకుండా, బాక్సులోని సంకేత సూచిక చూపించమని అడిగి డిష్‌ను పూర్తిగా సరిచేయించండి. కొంచెం పెద్ద డిష్ పెట్టించుకోవడం కూడా ఇక్కడ వృథా కాదు.

పిడుగుల విషయంలో నా సలహా ఒక్కటే. ఒడిశా ప్రభుత్వం 2015లో పిడుగుపాటును రాష్ట్ర స్థాయి విపత్తుల్లో చేర్చిందంటే ఇక్కడ వాటి తీవ్రత అర్థం చేసుకోవచ్చు. ఉరుములు మొదలయ్యే ముందే ప్లగ్గుతో పాటు డిష్ తీగను కూడా బాక్సు నుంచి విప్పేయండి. పిడుగు ప్రభావం ఆ తీగ గుండా కూడా లోపలికి వస్తుంది. ఉరుములు మొదలయ్యాక ఆ తీగ జోలికి వెళ్లకండి. ఆ సాయంత్రం సీరియల్ పోతే పోనివ్వండి.

కార్యక్రమం గడియారాన్ని వినదు

రికార్డర్ కార్యక్రమాల పట్టికను నమ్ముకుని పనిచేస్తుంది. ఆ పట్టికను ఛానెల్ ముందుగా పంపుతుంది. పూరీ రథయాత్ర ప్రసారం తీసుకోండి. రథం ఎప్పుడు కదులుతుందో, ఎక్కడ ఆగుతుందో జగన్నాథుడికే తెలియాలి. పట్టికలో రాసిన గంటకు బాక్సు రికార్డింగ్ ఆపేస్తుంది, రథం ఇంకా బడదాండ అనే పెద్దవీధి మీదే ఉంటుంది. క్రికెట్‌లోనూ ఇంతే, చివరి ఓవరు చూడకుండా మిగిలిపోయినవారు ఎందరో. మొదలుకు 5 నిమిషాలు ముందు, ముగింపుకు 30 నిమిషాలు తర్వాత అని సమయాన్ని పెంచే వీలు బాక్సులో ఉందో లేదో చూడండి. ఒంటి ట్యూనర్ బాక్సులో ఇలా పెంచితే వెనక వచ్చే రికార్డింగ్‌తో ఢీకొంటుంది. మళ్లీ ట్యూనర్ల దగ్గరికే వస్తాం.

డిష్, కేబుల్, ఉచిత డిష్

కేబుల్ టీవీ చట్టాన్ని 2011లో సవరించి, 2017 మార్చి 31 నాటికి దేశమంతా కేబుల్‌ను డిజిటల్‌గా మార్చే గడువు ముగించారు. అప్పటి నుంచి కేబుల్ ఇంటికీ బాక్సు తప్పనిసరి. అయితే కేబుల్ ఆపరేటర్లు ఇచ్చే బాక్సుల్లో చాలావాటికి రికార్డింగ్ ఉండదు, ఉన్నా దాన్ని తెరిచి ఇవ్వరు. పైగా ఒడిశాలోని కేబుల్‌లో ఏ తెలుగు ఛానెళ్లు వస్తాయన్నది ఆ ఊరి ఆపరేటర్ మీద ఆధారపడి ఉంటుంది. బరంపురంలో దొరికేది కాశీనగరంలో దొరకకపోవచ్చు. డీటీహెచ్‌కు రాష్ట్రాల హద్దులు లేవు. ఇక్కడి డీలర్ ఒడియా ప్యాక్ ముందు పెట్టినా అదే తీసుకోవాలని లేదు. 2019 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చిన ట్రాయ్ నిబంధనల ప్రకారం ఛానెళ్లను విడివిడిగా ఎంచుకునే హక్కు మీది. నాలుగు తెలుగు ఛానెళ్లు, రెండు ఒడియా ఛానెళ్లు విడిగా తీసుకుని లెక్క వేసి చూడండి. కొన్ని ఇళ్లకు ప్యాక్ చవక పడుతుంది, కొన్నింటికి విడివిడిగా తీసుకోవడం మేలు.

బాక్సు లోపలే డిస్క్ ఉండే డీటీహెచ్ రికార్డర్లు ఇప్పుడు దుకాణాల్లో అరుదుగా దొరుకుతున్నాయి. పాత బాక్సు ఎవరైనా అమ్ముతామంటే, దాన్ని మీ పేరు మీదికి మారుస్తారో లేదో కంపెనీని అడిగాకే డబ్బు ఇవ్వండి. చాలా బాక్సులు ఒక ఖాతాకు ముడిపడి ఉంటాయి.

తాళం బాధ లేని దారి ఒకటుంది. దూరదర్శన్ 2004 డిసెంబర్‌లో మొదలుపెట్టిన ఉచిత డీటీహెచ్, ఇప్పటి డీడీ ఫ్రీ డిష్. ఒకసారి సుమారు 2,000 రూపాయలు పెడితే నెలనెలా చందా ఉండదు. ఇది జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తుంది. సప్తగిరి, యాదగిరి, డీడీ ఒడియా మూడూ ఇందులో ఉన్నాయి. బజారులో దొరికే ఉచిత బాక్సుల్లో చాలావాటికి పెన్‌డ్రైవ్ పెట్టి రికార్డు చేసే వీలుంది, తాళం లేని ఛానెల్ అయితే ఆ ఫైలు తరచుగా కంప్యూటర్‌లోనూ తెరుచుకుంటుంది. ప్రైవేటు ఛానెళ్లు మాత్రం వేలంలో చోటు కొనుక్కుంటేనే ఇందులోకి వస్తాయి, కాబట్టి మీకు కావలసినది ఈ ఏడాది ఉందో లేదో చూసుకోండి. బాక్సు ఎంపెగ్-4 (బొమ్మను కుదించే కొత్త పద్ధతి) రకమై ఉండాలి, పాత ఎంపెగ్-2 బాక్సులో కొత్త ఛానెళ్లు కొన్ని రావు. ఇంట్లో పిల్లలో, ఊరి కళాకారులో దూరదర్శన్‌లో కనిపించే రోజుంటే ఈ చిన్న బాక్సు ఒక్కటి ఉండటం ఎంతో మేలు. ఆ రికార్డింగ్ నిజంగా మీ దగ్గర ఉంటుంది.

ఫోనులో యాప్‌లు ఉన్నాయి కదా, రికార్డర్ ఎందుకని పట్నంలో ఉన్న పిల్లలు అడుగుతారు. ఫైబర్ కనెక్షన్ నిలకడగా ఉన్న ఇంటికి వారి మాట సరైనదే. సీరియళ్లు దాదాపు అన్నీ యాప్‌లలో మర్నాటికి ఉంటాయి, అలాంటి ఇంటివారు రికార్డర్‌కు డబ్బు పెట్టనక్కరలేదు. కానీ కొండ మలుపు తిరగగానే సిగ్నల్ పోయే పల్లెలో, రోజుకు ఒకటిన్నర జీబీ డేటాతో నడిచే ఇంట్లో, డెబ్బై ఏళ్ల తల్లి యాప్ తెరిచి ఎపిసోడు వెతుక్కోలేదు. రిమోట్ మీద ఒక్క మీట నొక్కగలదు. ఆమె కోసమే ఈ లెక్కలన్నీ.

మా ఇంట్లో చివరికి ఇలా కుదిరింది. రెండు ట్యూనర్ల డీటీహెచ్ బాక్సు, రెండు తీగలు, ఇన్వర్టర్ లైను, విడిగా ఒక హార్డ్‌డిస్క్. పక్కనే దూరదర్శన్ కోసం ఉచిత డిష్ బాక్సు. డీటీహెచ్ బాక్సులో రికార్డయ్యేవి చూసి చెరిపేయడానికే అనుకుంటాం, దాచుకోవలసినది ఏదైనా వస్తే ఆ రోజే ఏవీ తీగ నుంచి నకలు తీస్తున్నాం.

మీరు కొనేటప్పుడు బిగించడానికి వచ్చిన మనిషిని వెంటనే పంపించేయకండి. ఒక తెలుగు ఛానెల్‌ను రికార్డుకు పెట్టి, ఒక ఒడియా ఛానెల్‌కు మార్చి చూపించమనండి. తర్వాత రెండు భాషలూ రికార్డవుతుండగా మూడో ఛానెల్ తెరుచుకుంటుందేమో చూడమనండి. స్విచ్ ఆపి వేసి, రికార్డింగ్ మళ్లీ మొదలైందేమో చూడండి. ఇందులో మొదటిది జరగకపోతే, ఎల్ఎన్‌బీ నుంచి రెండు తీగలు దిగాయో లేదో మేడెక్కి చూసి వచ్చాకే బిల్లు మీద సంతకం పెట్టండి.